రెండు తీగల మధ్య

గార్డు మా ల్యాబ్ తలుపుకి సీలు వేస్తున్నాడు. మా ఆయన ఇంకా క్లీన్‌రూమ్ సూటు విప్పలేదు. తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగు, కళ్ళు మాత్రమే బయటికి. సగం తయారైన చిప్ ఒకటి లోపల యంత్రంలోనే ఉండిపోయింది.

"వాక్యూమ్ పంపు ఆపకుండా వచ్చేశాను. ఆపొచ్చేమో అడుగు," అన్నాడు నాతో.

"అడిగాను. ముట్టుకోవద్దన్నారు."

"పంపు కాలిపోతుంది."

"కాలిపోనీ అన్నారు."

విచారణ కమిటీ ఛైర్మన్ కారిడార్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, పైన గుండ్రటి నున్నటి తల. వచ్చిన రోజే మా ఆయన ఆ ఛైర్మన్‌కి గుండుసూది అని పేరు పెట్టాడు. మాట కూడా అలాగే ఉండేది. ప్రశ్న చిన్నదే, దిగాక తెలిసేది లోతు.

"ఈ చిప్‌లు తయారుచేసేది మీరొక్కరేనా?"

"అవునండీ."

"ఇంకెవరూ నేర్చుకోలేదా?"

"నేర్పిస్తానన్నా ఎవరూ రారండీ. సూటు వేసుకుంటే బాత్రూమ్‌కి వెళ్ళడం కుదరదు."

గార్డు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. గుండుసూది మాత్రం నవ్వలేదు.

"అంటే, మోసం జరిగి ఉంటే చేసింది మీరే అవుతారు," అన్నాడు.

అప్పుడు మా వెనక నుంచి మేడం గొంతు వినిపించింది. "ఇంకా ఏదీ తేలలేదు. మీరిద్దరూ ఇంటికి వెళ్ళండి."

మేడం అంటే ల్యాబ్ హెడ్. నన్ను కన్నతల్లి. మా ఆయనకి అత్తగారు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, ఒకే కారులో వచ్చేవాళ్ళం. కానీ ల్యాబ్ గేటు దాటితే ఆవిడ మేడం, మేం సిబ్బంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగులో నోరుజారి అమ్మా అన్నాను. "ఇక్కడ మీ అమ్మ ఎవరూ లేరు," అంది అందరి ముందూ. ఆ తర్వాత ఎప్పుడూ నోరు జారలేదు.

గొడవంతా ఒక్క చిప్ గురించి. గార్నెట్ అనే స్ఫటికంలో కరెంటు పారదు. కానీ అందులో ఇనుప పరమాణువులన్నీ బుల్లి బుల్లి అయస్కాంతాల్లా వరస కట్టి నిలబడి ఉంటాయి. ఒక చివర కదిలిస్తే ఆ వణుకు పక్కదానికి, దాని పక్కదానికి పాకుతుంది. టికెట్ల క్యూలో వెనకవాడు తోస్తే ఆ తోపు ముందువాడి వీపు దాకా వెళ్ళినట్టు. ఎవరి చోట్లో వాళ్ళే ఉంటారు, తోపు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. ఆ వణుకునే మాగ్నాన్ అంటారు. స్ఫటికం మీద వెంట్రుక కన్నా సన్నగా రెండు ప్లాటినం తీగలు వేస్తాం. మొదటి తీగలో కరెంటు పంపి వణుకు పుట్టిస్తాం. అది రెండో తీగ దాకా బతికుంటే అక్కడ చిన్న వోల్టేజి లేస్తుంది. ఎంత చిన్నదంటే, పక్కన లిఫ్ట్ కదిలినా కొలత చెదిరిపోతుంది.

దూరం వెళ్ళేకొద్దీ వణుకు చచ్చిపోతుంది. ప్రపంచంలో అందరి ల్యాబుల్లోనూ చచ్చిపోయింది. మా చిప్ మీద మాత్రం, దానికి ఎన్నో రెట్ల దూరంలో కూడా బతికే ఉంది. వేడెక్కని కంప్యూటర్లు వచ్చేస్తున్నాయని పత్రికలు రాశాయి. మేడం ఆ చిప్‌కి పెద్దోడు అని పేరు పెట్టింది. "నాకు కొడుకు లేని లోటు తీర్చాడు," అనేది వచ్చినవాళ్ళందరితో.

ఏడాది తిరిగేసరికి మిగతా ల్యాబుల నుంచి ఒకే మాట రావడం మొదలైంది. మాకు రావట్లేదు. అదే స్ఫటికం, అదే ప్లాటినం. ఏమీ రావట్లేదు. మేం కొత్తగా చేసినవాటిలో కూడా రాలేదు. పెద్దోడు ఒక్కడే చేస్తాడు. ఎండలు ముదిరేసరికి కమిటీ దిగింది. వేసవి అయిపోయేలోపు నివేదిక ఇస్తామన్నారు. అందులో మా ఆయన పేరు పడితే, ఈ రంగంలో ఆయన్ని ఏ తలుపు లోపలికీ రానివ్వరు. చేతిలో ఉన్న విద్య అదొక్కటే.

*

పెద్దోణ్ణి మళ్ళీ కొలుస్తానని అడిగాను. గుండుసూది ఒప్పుకున్నాడు, కానీ గార్డు పక్కనే ఉండాలన్నాడు. సీలు తీశారు. ఏసీ ఆపేసి ఉండటంతో గది పెనంలా కాలుతోంది. చిప్‌ని అయస్కాంతం మధ్య పెట్టి, కరెంటు పంపి, అయస్కాంతాన్ని నెమ్మదిగా తిప్పాను.

సిగ్నల్ వచ్చింది. అయస్కాంతం కోణంతో పాటే పెరుగుతూ తగ్గుతూ, అచ్చం మా రీసెర్చ్ పేపర్లో వేసిన బొమ్మలాగే. అబద్ధం కాదు. మా ఆయన ఏమీ కల్పించలేదు.

"వచ్చిందామ్మా?" అన్నాడు గార్డు చెమట తుడుచుకుంటూ.

"వచ్చింది."

"అయితే ఫ్యాన్ అయినా వేయించండి. నేను పోయేలా ఉన్నాను."

ఫోన్ చేసి ఏసీ వేయించాను. గది చల్లబడుతుంటే తెర మీద గీత చూస్తున్నాను. సిగ్నల్ తగ్గుతోంది. గార్డుకి హాయిగా ఉన్నకొద్దీ పెద్దోడు నీరసపడుతున్నాడు.

మాగ్నాన్లు అలా చెయ్యవు. గది కాస్త చల్లబడినంత మాత్రాన వాటికి అంత తేడా రాదు. అంత తేడా దేనికి వస్తుందో నాకు తెలుసు. తెలియనట్టు కాసేపు కూర్చున్నాను.

మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. తీగలు వేశాక రెంటి మధ్యా కరెంటు లీకవడం లేదని చూడాలి. చిప్ చేసినవాళ్ళు చూడకూడదు, వేరేవాళ్ళు చూడాలి. చేతిమీటరు మొనలు రెండు తీగలకీ ఆనించి, ఏమీ రాకపోతే "ఓపెన్" అని గట్టిగా చెప్పాలి. పెద్దోడికి ఓపెన్ చెప్పింది మేడమే. కానీ చేతిమీటరుకి ఒక హద్దు ఉంటుంది. అంతకన్నా సన్నని లీకు దానికి ఆనదు. బీరువాలోంచి పెద్ద మీటరు తీసి కలిపాను.

ఓపెన్ కాదు. రెండు తీగల మధ్యా స్ఫటికం మీద ఏదో పొర ఉంది. ఉందా లేదా అన్నట్టుంది, కానీ కరెంటుని మోస్తోంది. మొదటి తీగ నిరోధకత ఎలాగూ అయస్కాంతం కోణంతో మారుతుంది. లీకైన కరెంటు ఆ మార్పుని వెంటపెట్టుకుని రెండో తీగకి చేరుతోంది. అందుకే అచ్చం మాగ్నాన్ సిగ్నల్‌లా కనిపించింది.

ఏ వణుకూ ఎక్కడికీ వెళ్ళలేదు. మామూలు కరెంటు దొంగదారిన నడిచి వచ్చింది.

*

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర చెప్పాను. అమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. మా ఆయన ముందు తేరుకున్నాడు.

"తీగల ఆకారం కోసం వేసిన మాస్కు పొర కడిగినప్పుడు కొంచెం ప్లాటినం ఉండిపోయిందేమో. అదే అయ్యుంటుంది. పొరపాటే కదా, మోసం కాదుగా," అన్నాడు. ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త రంగు వచ్చింది.

"అల్లుడుగారూ," అంది అమ్మ మెల్లగా. ఇంట్లో ఎప్పుడూ అలాగే పిలిచేది, మీరనే అనేది. "రేపు మీరే వెళ్ళి చెప్పేయండి. కడగడంలో నా వల్లే పొరపాటు జరిగిందని. వాళ్ళు కనిపెట్టేలోపు మనం చెప్తే విషయం చిన్నదైపోతుంది. పొరపాటుకి మందలిస్తారు. మోసానికైతే తరిమేస్తారు."

"ఓపెన్ చెప్పింది నువ్వు కదమ్మా," అన్నాను. "నువ్వు కూడా వెళ్ళాలి."

"ఓపెన్ సంగతి ఇప్పుడెందుకు? హెడ్డే తప్పు చేసిందంటే ల్యాబే మూసేస్తారు. మూసేస్తే మీరిద్దరూ ఎక్కడుంటారు?"

"అత్తయ్య చెప్పింది నిజమే," అన్నాడు మా ఆయన. "ఓ చివాటు తినేస్తే పోతుంది. ఆవిడ చివాట్లు రోజూ తింటూనే ఉన్నాగా, అలవాటే."

అమ్మ కూడా నవ్వింది. ఆ బల్ల దగ్గర మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే చివరిసారి.

*

మర్నాడు ఆయన కమిటీ ముందు తప్పు నాదే అని చెప్పాడు. గుండుసూది అంతా శ్రద్ధగా విన్నాడు. రాయించుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. నేను మళ్ళీ కొలవకముందే పెద్దోణ్ణి బయటి ల్యాబుకి పంపి మైక్రోస్కోప్ కింద తీయించిన ఫొటో.

"కడగడంలో మిగిలిపోతే అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఉంటుంది. తీగల పైకి ఎక్కదు," అన్నాడు. "ఇది చూడండి. అంతటా ఒకే మందం. తీగల పైన కూడా ఉంది. తీగలు వేయడం అయిపోయాక, చిప్‌ని మళ్ళీ యంత్రంలో పెట్టి, ప్లాటినానికి అడ్డుగా ఉండే షట్టర్ ఇలా తెరిచి అలా మూసేశారు. కావాలని."

మా ఆయన ఫొటో వైపు చూస్తూ ఉండిపోయాడు.

"తప్పు నాదే అన్నారు ఇందాక. రాయించుకున్నాం," అన్నాడు గుండుసూది.

ప్లాటినం పొర పూసే ఆ యంత్రం పాతది. షట్టర్‌ని చేత్తో లివర్ లాగి తెరవాలి. దాన్ని నడపడం తెలిసినవాళ్ళు ఇద్దరే. నేర్పిన మేడమూ, నేర్చుకున్న మా ఆయనా. నాకు దాని స్విచ్ ఎక్కడుందో కూడా తెలియదు.

కారిడార్లో ఆయన నా వైపు చూశాడు. ఏం చూశాడో నాకు తెలుసు. ఒక్క క్షణం, నిజంగా ఒకే ఒక్క క్షణం, ఇద్దరిలో ఎవరు అని లెక్క వేసుకుంటున్న నా ముఖం చూశాడు. లెక్కలో ఆయన కూడా ఉన్నాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు.

"నేనేమీ అనలేదు."

"అనలేదులే," అని మెట్లవైపు నడిచాడు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ, ఆయన ఒకరి తర్వాత ఒకరు భోజనం చేసేవాళ్ళు. నేను రెండుసార్లూ కూర్చునేదాన్ని, రెండుసార్లూ తినలేకపోయేదాన్ని.

*

ల్యాబ్ ఖాళీ చెయ్యమన్నారు. సామాను సర్దడానికి మా ఇద్దరికీ ఒక మధ్యాహ్నం ఇచ్చారు. గార్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కునుకు తీస్తున్నాడు. క్లీన్‌రూమ్ పక్కన బీరువాలో అడుగున పెద్ద బిస్కెట్ డబ్బా ఉంది. మూత తీస్తే నిండా గాజుముక్కలు. ఒక్కోటీ వేలిగోరంత. అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి.

"విట్‌నెస్ ముక్కలు," అన్నాడు మా ఆయన. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో ఎగతాళి వినిపించింది. "మీ అమ్మ టీ పెట్టినా గిన్నె పక్కన ఓ గాజుముక్క పెట్టే రకం."

మేడం పద్ధతి అది. యంత్రంలో ఏది పెట్టినా పక్కన చిన్న గాజుముక్క పెట్టేది. చిప్ మీద ఎంత మందాన పొర పడితే గాజు మీదా అంతే పడుతుంది. తర్వాత గాజుని కొలిచి చూసుకోవచ్చు. ఏ వైపు పొర పడిందో తెలియడానికి ఎడమ మూలన వజ్రపు మొనతో ఓ చిన్న గీత గీసేది. యంత్రమే మందం చూపిస్తుంది కదా, ఇదెందుకని మా ఆయన ఎప్పుడూ పెట్టేవాడు కాదు. "యంత్రం చెప్పింది నమ్మి కూర్చోకు," అని మేడం ఎన్నిసార్లు తిట్టినా పెట్టలేదు. ఆ గొడవకి నేను ఎన్నోసార్లు మధ్యస్థం చేశాను.

డబ్బాని వార్తాపత్రిక మీద బోర్లించాను. మెరిసే ముక్కల మధ్య ఒకటి మామూలు గాజులా ఉంది. ఎవరైనా అయితే కొత్త ముక్క పొరపాటున పడిందనుకుని పక్కన పెట్టేస్తారు. కానీ దాని ఎడమ మూలన గీత ఉంది. కొత్త ముక్కకి గీత ఎవరూ గియ్యరు.

కాగితం మీద పెట్టి చూశాను. గాజు కింద కాగితం ఒక్క పిసరు మసకగా ఉంది. పెద్ద మీటరు ఇంకా సర్దలేదు. మొనలు ఆనించాను. ముల్లు కదిలింది. పెద్దోడి మీద రెండు తీగల మధ్య కదిలినట్టే.

అంత పల్చటి పొర మా ల్యాబులో ఏ పనికీ పనికిరాదు. ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్కసారి తప్ప.

దొంగపని చేసేటప్పుడు కూడా ఆవిడ పక్కన గాజుముక్క పెట్టింది. చెయ్యి అలవాటుకొద్దీ పెట్టేసింది. గీత గీసింది. డబ్బాలో వేసింది.

మా ఆయన ముక్కని అరచేతిలోకి తీసుకుని, మళ్ళీ నా చేతిలో పెట్టేశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఆ ఫొటో చూపించినప్పుడే తెలిసింది," అన్నాడు. "ఇద్దరిలో ఒకరం. నేను కాదని నాకు తెలుసు కదా."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? తప్పించుకోడానికి అత్తగారి మీదికి తోశాడంటారు." గాజుముక్కల్ని డబ్బాలోకి ఎత్తుతూ అన్నాడు. "పైగా నువ్వే నమ్మలేదు."

"ఇప్పుడు నమ్ముతున్నాను."

"ఇప్పుడు గాజుముక్క దొరికింది కాబట్టి నమ్ముతున్నావు. నాకు కావలసింది అది కాదులే."

అద్దాలకి పూత వేసే ఫ్యాక్టరీలో ఏదో పని దొరికిందట. చాలా దూరం. వారం తిరక్కుండానే ఒక్క పెట్టెతో వెళ్ళిపోయాడు. చేరాక ఒకసారి ఫోన్ చేశాడు. "ఇక్కడ పొర ఎంత మందం పడిందో ఎవరూ అడగరు. ముఖం కనిపిస్తే చాలు," అన్నాడు. ఆ తర్వాత నేను చేసినా ఎత్తలేదు.

*

అమ్మ ముందుగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అన్నాళ్ళూ దాచుకున్న గాజుముక్క తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల మీద పెట్టాను. ఇస్త్రీ పెట్టెని పక్కన నిలబెట్టి, ముక్కని వెలుతురుకి ఎత్తి చూసింది. కళ్ళజోడు అవసరం కూడా లేకపోయింది.

"ఎక్కడ దొరికింది?"

"నీ డబ్బాలోనే."

"పారేశాననుకున్నాను."

"నువ్వు గాజుముక్క పారేస్తావా అమ్మా?"

కాస్త నవ్వింది. ఆ నవ్వు చూస్తే కోపం రాలేదు. అందుకే భయమేసింది.

"అది వెళ్తుందే," అంది. "ఆ వణుకు అంత దూరం నిజంగానే వెళ్తుంది. నా ఉద్యోగమంతా దాన్నే చూశాను. మన మీటర్లకి అందట్లేదంతే. కొంచెం చెయ్యి అందించాను."

"ఎవరికి?"

"ముందు దానికి. తర్వాత మీకు. ఈ వేసవితో నేను రిటైరై దిగిపోవాలి. పెద్ద ఫలితం ఏదీ లేకపోతే ఆ గదిని పాత కుర్చీలు పడేసుకోడానికి తీసుకుంటారు. మీరిద్దరూ అందులోనే పెరిగి పెద్దవాళ్ళవ్వాలనుకున్నాను. ఈలోగా ఎవరో ఒకరు నిజం సిగ్నల్ పట్టుకుంటారు, అప్పుడు ఈ పొర సంగతి ఎవరిక్కావాలి అనుకున్నాను."

"మరి ఆయన్నెందుకు ఒప్పుకోమన్నావు?"

బుట్టలోంచి ఒక చొక్కా తీసింది. ఆయన వదిలేసి వెళ్ళిన చొక్కా. కాలర్ సరిచేసి దాని మీద ఇస్త్రీ పెట్టె నడిపింది.

"మందలించి వదిలేస్తారనుకున్నాను. మైక్రోస్కోప్ దాకా వెళ్తారనుకోలేదు. అయినా అతను చిన్నవాడు. పడ్డా లేస్తాడు. ఈ వయసులో నేను పడితే ఇక లేవలేను."

"రేపు ఆఖరి విచారణ. నువ్వే చెప్పు."

"నా వల్ల కాదు."

"అయితే నేను చెప్తాను."

"చెప్పు," అంది. చొక్కా మడతపెట్టి, చేతులు లోపలికి తోసి, అన్నిటికన్నా పైన పెట్టింది. "చెప్తే అతను తిరిగొస్తాడా?"

రాడని ఇద్దరికీ తెలుసు.

*

విచారణ గదిలో ఏసీ చలి పుట్టిస్తోంది. బల్లకి అటువైపు గుండుసూది, ఇంకో ఇద్దరు. ల్యాబ్ హెడ్ కాబట్టి మేడంకి కూడా వాళ్ళ వరసలోనే చివరి కుర్చీ వేశారు. ఇటువైపు నేనొక్కదాన్నే. నా పక్కన మా ఆయన కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది.

గాజుముక్కని బల్ల మీద పెట్టాను. అదేమిటో, దాని మీద ఏముందో, ఎవరి పద్ధతి ప్రకారం దాన్ని అక్కడ పెడతారో, ఎవరు పెట్టరో అంతా చెప్పాను. చెప్పినంతసేపూ ఎవరి పేరూ ఎత్తలేదు. గుండుసూది మధ్యలో ఆపలేదు. ముక్కని మిగతా ఇద్దరికీ అందించాడు. వాళ్ళు చూసి వెనక్కి ఇచ్చారు.

"మీకొక మాట చెప్పాలి," అన్నాడు. ఆయన గొంతు మెత్తగా ఉండటం అదే మొదటిసారి. "నివేదికలో మీవారి భాగం నిన్ననే పైకి వెళ్ళిపోయింది. మీవారే స్వయంగా ఒప్పుకున్నారు కాబట్టి అది మారదు. ఇప్పుడు మీరు ఇంకో పేరు చెప్తే ఆయన పేరు తీసెయ్యరు. దాని కింద ఆ పేరు కూడా రాస్తారు, అంతే. అర్థమైందా?"

"అర్థమైందండీ."

"చెప్పకపోయినా మిమ్మల్ని ఎవరూ అడగరు."

బల్ల చివర మేడం చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడటం లేదు. గాజుముక్క వైపు చూస్తోంది. మూలన గీత సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నట్టుంది.

ఫ్యాక్టరీలో ఎక్కడో ఒక మనిషి అద్దాలకి పూత వేస్తూ ఉంటాడు. ఈ గదిలో ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పరు. నేను ఫోన్ చేసినా ఎత్తడు.

"అడగండి," అన్నాను.

గుండుసూది నిట్టూర్చి కలం తీశాడు.

"తీగలు వేశాక ఆ షట్టర్ మళ్ళీ తెరిచింది ఎవరు?"

మేడం తల ఎత్తింది.

"మా అమ్మ," అన్నాను.